స్మిత్ అండ్ వెసన్‌కి 2000లో ఏం జరిగిందో తెలిస్తే అమెరికా తుపాకీ మార్కెట్ సగం అర్థమైనట్టే

అమెరికా తుపాకీల గురించి నన్ను అడిగిన ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒక హ్యాండ్‌గన్ కంపెనీ చరిత్ర అమెరికా తుపాకీల మార్కెట్‌ని ఎలా మలిచింది అనేది ఒకటి, ఫోన్‌కే వేలిముద్ర లాక్ ఉన్న రోజుల్లో తుపాకీకి ఎందుకు పెట్టరు అనేది రెండోది. నా ఉద్దేశంలో రెండిటికీ జవాబు ఒకే కంపెనీలో దొరుకుతుంది, అది కోల్ట్ కాదు గ్లాక్ కాదు, స్మిత్ అండ్ వెసన్.

నేను మసాచుసెట్స్ పడమటి వైపు మెషీన్ షాపుల్లో చాలా ఏళ్ళుగా మాన్యుఫాక్చరింగ్ ఇంజనీర్‌గా చేస్తున్నా. స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు పక్క ఊరే. కనెక్టికట్ నది వెంబడి ఉన్న ఈ ఊళ్ళన్నిటినీ కలిపి గన్ వ్యాలీ అంటారు, ఎందుకంటే ప్రభుత్వ ఆర్మరీ (సైన్యానికి తుపాకులు చేసే ఫ్యాక్టరీ) స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే 1968 దాకా నడిచింది, కోల్ట్ వాళ్ళది కింద హార్ట్‌ఫర్డ్, స్మిత్ అండ్ వెసన్ మళ్ళీ స్ప్రింగ్‌ఫీల్డ్. మా షాప్‌లో పెద్ద వయసు మెషీనిస్టుల్లో చాలామందికి ఏదో ఒక రకంగా ఈ పరిశ్రమతో సంబంధం ఉంది, సొంతంగా చేసినవాళ్ళో, నాన్నలు చేసినవాళ్ళో, పార్ట్స్ సప్లై చేసినవాళ్ళో. లంచ్ టేబుల్ దగ్గర వాళ్ళు చెప్పుకునేవి విని విని, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

అసలు విషయం ముందే చెప్పేస్తా. 1887లో ఈ కంపెనీ "చిన్న పిల్లలు పేల్చలేని రివాల్వర్" అని చెప్పి ఒకటి తెచ్చింది, జనం బాగా కొన్నారు, 1940 దాకా తయారు చేస్తూనే ఉన్నారు. 2000లో అదే కంపెనీ మా తుపాకులకి తాళం పెడతాం అని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటే సొంత కస్టమర్లే దాన్ని ముంచేసినంత పని చేశారు. ఈ రెండిటి మధ్య మారింది తుపాకీ కాదు, కొనేవాడు. ఆ మార్పులో ఈ కంపెనీ చెయ్యి కూడా ఉంది కాబట్టే దీని చరిత్ర అంత ముఖ్యం అంటున్నా.

మొదట్నుంచీ వస్తా. హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ ఇద్దరూ 1850ల మొదట్లో కనెక్టికట్‌లోని నార్విచ్‌లో లీవర్ గుంజి పేల్చే పిస్టల్ ఒకటి చేశారు, డబ్బులు రాలేదు, కంపెనీ ఇన్వెస్టర్ల చేతికి పోయింది. ఆ ఇన్వెస్టర్లలో ఆలివర్ వించెస్టర్ అని చొక్కాల వ్యాపారి ఒకాయన ఉన్నాడు, ఆ డిజైనే తర్వాత తిరిగి తిరిగి వించెస్టర్ రైఫిల్ అయింది. అంటే వీళ్ళు ఫెయిలైన ప్రయత్నం లోంచి కూడా ఒక పెద్ద కంపెనీ పుట్టింది.

అసలు పట్టు దొరికింది పేటెంట్‌తో. కోల్ట్ రివాల్వర్ పేటెంట్ 1857లో అయిపోతుందని అందరికీ తెలుసు, అది అవ్వగానే మార్కెట్‌లో దిగాలని వీళ్ళు రెడీగా ఉన్నారు. కానీ అప్పటికే రోలిన్ వైట్ అనే ఆయన 1855లో సిలిండర్‌ని, అంటే గుళ్ళు పట్టే తిరిగే ముక్కని, ముందు నుంచి వెనక దాకా తొలిచే పద్ధతికి పేటెంట్ తీసుకుని ఉన్నాడు. వినటానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ మెటల్ కార్ట్రిడ్జ్ ని (లోహపు తొడుగున్న తూటా) వెనక నుంచి పెట్టాలంటే అదే దారి, వేరే దారి లేదు. వీళ్ళు ఆయన దగ్గర లైసెన్స్ తీసుకున్నారు, ఒక్కో రివాల్వర్‌కి 25 సెంట్ల చొప్పున. ఒప్పందంలో ఒక మెలిక పెట్టారు, ఎవరైనా కాపీ కొడితే కోర్టు ఖర్చులు వైటే పెట్టుకోవాలి. పాపం ఆయన వచ్చిన డబ్బులో చాలా భాగం కేసుల్లోనే పోగొట్టుకున్నాడు, నష్టపోయానని కాంగ్రెస్‌ని ఆశ్రయిస్తే బిల్లు పాసైంది కూడా, కానీ 1870లో ప్రెసిడెంట్ గ్రాంట్ వీటో చేశాడు. కంపెనీకి మాత్రం 1869 దాకా అమెరికాలో కార్ట్రిడ్జ్ రివాల్వర్ల మీద దాదాపు గుత్తాధిపత్యం. మధ్యలో సివిల్ వార్ వచ్చింది, సైనికులు సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నారు, ఆర్డర్లు తట్టుకోలేకపోయారు. కోల్ట్ అంతటి కంపెనీ కూడా బాగా పేరు తెచ్చుకున్న తన కార్ట్రిడ్జ్ రివాల్వర్ తేవటానికి 1873 దాకా పట్టింది.

ఆ మొదటి మోడల్‌ని స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యూజియంలో చూశాను. అక్కడ ఈ కంపెనీ తుపాకులకి ఒక గ్యాలరీయే ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళే మ్యూజియాలు కూడా అదే ఆవరణలో, ఒకటే టికెట్, కాబట్టి ఇటు వచ్చే మనవాళ్ళు వీలైతే చూడండి. మోడల్ 1 అద్దం వెనక చూస్తే అరచేతిలో పట్టేంత ఉంటుంది, ట్రిగ్గర్ చుట్టూ ఉండాల్సిన గార్డు ఉండదు, ఫ్రేమ్ ఇత్తడిది. బ్యారెల్ పైకి మడుచుకుంటుంది, సిలిండర్‌ని చేత్తో బయటికి తీసి, బ్యారెల్ కింద ఉన్న కడ్డీకి గుచ్చి ఖాళీ గుళ్ళు ఒక్కోటీ తోసెయ్యాలి. ఏడు రౌండ్లు, .22 షార్ట్. ఇవ్వాళ అమెరికాలో ఏ వాల్‌మార్ట్ పక్క షాపులోనైనా దొరికే .22 గుండుకి అమ్మమ్మ అదే. పనివాడిగా నాకు ఆశ్చర్యం వేసేది దాని ఫిట్టింగ్, 1850ల యంత్రాల మీద అంత టైట్‌గా సిలిండర్ కూర్చోబెట్టటం మామూలు విషయం కాదు.

యుద్ధం అయిపోయాక అమ్మకాలు పడిపోయాయి. అప్పుడు కంపెనీని నిలబెట్టింది అమెరికా కాదు, రష్యా. 1870ల్లో రష్యా ప్రభుత్వం మోడల్ 3 రివాల్వర్లు లక్షకి పైగా కొన్నది. రష్యా వాళ్ళు గుండులో ఒక మార్పు అడిగారు, బుల్లెట్ మొత్తం ఒకే మందంలో ఉండాలి, గ్రీజు తూటా తొడుగు లోపలికి పోవాలి అని. ఆ మార్పు తర్వాత అమెరికన్ గుళ్ళలో చాలావాటికి అలవాటైపోయింది. ఒక కస్టమర్ పట్టుబడితే డిజైన్ ఎలా మారుతుందో ఇది మొదటి ఉదాహరణ, రెండోది 2000లో వస్తుంది, కానీ ఉల్టాగా.

మనకి సంబంధించిన చిన్న విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తా. ఇండియాలో మామూలు జనం లైసెన్స్ మీద కొనుక్కునే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఉంది కదా, అందులో వాడే గుండు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, ఈ కంపెనీ 1896లో తెచ్చిందే. .38, 9 ఎంఎం లాంటివి మన దగ్గర మామూలు జనానికి నిషేధం కాబట్టి అమెరికాలో ఎప్పుడో పాతబడిపోయిన ఈ గుండు మన ఊళ్ళలో ఇంకా నడుస్తోంది. రివాల్వర్ డిజైన్ మాత్రం బ్రిటిష్ వెబ్లీది.

1899లో వచ్చిన మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్, దాంతో పాటు వచ్చిన .38 స్పెషల్ గుండు, ఇవి అమెరికా పోలీసు నడుముకి దాదాపు ఎనభై ఏళ్ళు వేలాడాయి. 1935లో .357 మాగ్నం, 1955లో .44 మాగ్నం గుళ్ళు వచ్చాయి. ఆ మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వరే తర్వాత మోడల్ 10 అయింది, 60 లక్షలకి పైగా తయారు చేశారని లెక్క. ఇక్కడ మార్కెట్ సూత్రం ఒకటి గమనించండి. పోలీసోడు ఏది పెట్టుకుంటే పక్కింటి ఆయన అదే కొంటాడు, అందుకని పోలీసు కాంట్రాక్ట్ లో లాభం తక్కువున్నా కంపెనీలు ఎగబడతాయి, అది వాళ్ళకి ప్రకటన లాంటిది. 1980ల్లో ఆస్ట్రియా నుంచి గ్లాక్ వచ్చి సరిగ్గా ఈ సూత్రమే వాడుకుంది. 1986 ఏప్రిల్‌లో మయామిలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఆ ఏజెంట్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నవి రివాల్వర్లు. ఆ దెబ్బతో దేశమంతా పోలీసులు ఎక్కువ గుళ్ళు పట్టే పిస్టళ్ళకి మారటం ఊపందుకుంది. గ్లాక్ వాళ్ళు పాత రివాల్వర్లు మాకిచ్చెయ్యండి కొత్తవి తక్కువకి ఇస్తాం అన్నారు, ఆ పాత రివాల్వర్లు చాలామటుకు సెకండ్ హ్యాండ్‌లో మామూలు జనానికి వెళ్ళాయి. 1990లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి .40 గుండు తెస్తే దానికి పిస్టల్ ముందు షాపుల్లోకి తెచ్చింది గ్లాక్, పోలీసుల దగ్గర దాన్ని అమ్ముకుందీ గ్లాకే. 1994లో వీళ్ళు సిగ్మా అని ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టల్ తెస్తే మాది కాపీ కొట్టారని గ్లాక్ కేసేసింది, తర్వాత కోర్టు బయట రాజీ పడ్డారు.

ఇంతకీ ఆ 1887 రివాల్వర్ సంగతి. దాని పేరు సేఫ్టీ హామర్‌లెస్. పిడి వెనక వైపు ఒక పట్టీ ఉంటుంది, అరచేత్తో గట్టిగా బిగించి పట్టుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. ఎనిమిదేళ్ళ లోపు మామూలు పిల్లలు దీన్ని పేల్చలేరు అని కంపెనీయే చెప్పుకుని అమ్మింది. అన్ని సైజులూ కలిపి 5 లక్షల దాకా అమ్ముడయ్యాయి. అప్పట్లో ఎవరూ ఇది మా హక్కు మీద దాడి అనలేదు. ఇంట్లో పిల్లలున్నారు, కాబట్టి ఇది మంచిది, అంతే.

ఇప్పుడు 2000కి రండి. 1998 చివర్లో న్యూ ఓర్లీన్స్, తర్వాత షికాగో, అలా ముప్పైకి పైగా నగరాలు కౌంటీలు తుపాకీ కంపెనీల మీద కేసులేశాయి, మీ సరుకు వల్ల మా ఆసుపత్రి ఖర్చులు పోలీసు ఖర్చులు పెరుగుతున్నాయి కట్టండి అని. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాయి. అప్పుడు స్మిత్ అండ్ వెసన్ ఓనర్ బ్రిటన్ కంపెనీ, టామ్‌కిన్స్, ట్యాపుల దగ్గర్నుంచి పిండి దాకా అన్నీ అమ్మే గ్రూపు, వాళ్ళకి తుపాకీల మీద సెంటిమెంట్ ఏమీ లేదు. కోర్టు ఖర్చులతో చచ్చేకన్నా రాజీ మేలనుకున్నారు. 2000 మార్చి 17న క్లింటన్ ప్రభుత్వంతో సంతకం పెట్టారు, కంపెనీ తరఫున సీఈఓ ఎడ్ షుల్ట్స్, ప్రభుత్వం తరఫున హౌసింగ్ శాఖ చూసే ఆండ్రూ కువోమో.

ఏం ఒప్పుకున్నారు అంటే, 60 రోజుల్లో ప్రతి తుపాకీతో పాటు బయట పెట్టే తాళం ఇస్తాం, రెండేళ్ళలో తుపాకీ లోపలే తాళం పెడతాం, ఆదాయంలో 2 శాతం యజమాని మాత్రమే పేల్చగల టెక్నాలజీ మీద పెడతాం, సీరియల్ నంబర్ చెరిపెయ్యలేని చోట ఇంకోటి వేస్తాం. ఇదంతా ఒక ఎత్తు, డీలర్ల మీద పెట్టిన షరతులు ఒక ఎత్తు. మా సరుకు అమ్మాలంటే గన్ షోల్లో (తుపాకీల సంతల్లో) కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాడి నేర చరిత్ర చూడటం, లేకుండా అమ్మకూడదు, ఒకేసారి ఎక్కువ తుపాకులు కొంటే ఒకటి ఇచ్చి మిగతావి 14 రోజుల తర్వాతే ఇవ్వాలి, పైగా ఇవి మా బ్రాండ్‌కే కాదు మీ షాప్‌లో ఉన్న అన్ని బ్రాండ్లకీ పాటించాలి అన్నారు. డీలర్లకి మండింది అక్కడే అని నా అభిప్రాయం. తాళం గురించి వార్తల్లో ఎక్కువ వచ్చింది గానీ షాపు ఓనర్‌కి ఒక సప్లయర్ వచ్చి నీ షాప్ మొత్తం నేను చెప్పినట్టు నడపాలి అంటే ఎలా ఉంటుంది?

బాయ్‌కాట్ మొదలైంది. తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ ఖండించింది, డీలర్లు ఆర్డర్లు ఆపేశారు, కొనేవాళ్ళు పక్క బ్రాండ్‌కి పోయారు. అమ్మకాలు దాదాపు 40 శాతం పడిపోయాయి, స్ప్రింగ్‌ఫీల్డ్ ప్లాంట్ కొన్ని వారాలు మూసేశారు, వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి, షుల్ట్స్ ఆ ఏడాదే వెళ్ళిపోయాడు. మా షాప్‌లో ఒక పెద్దాయన అప్పుడు ఒక చిన్న సప్లయర్ దగ్గర గ్రైండింగ్ చేసేవాడు, వాళ్ళ పని సగానికి సగం తుపాకీ పార్ట్సే. ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది, మార్చిలో ఓవర్‌టైమ్ చేస్తున్నాం, ఎండాకాలం వచ్చేసరికి మెషీన్లు తుడుచుకుంటూ కూర్చున్నాం అని. ఆయనకి ఒప్పందం మీద కోపం, బాయ్‌కాట్ చేసినవాళ్ళ మీద ఇంకా కోపం, ఎందుకంటే వాళ్ళు శిక్షించింది లండన్‌లో ఉన్న ఓనర్‌ని కాదు, ఈ ఊరి పనివాళ్ళని అంటాడు. నాకు అది నిజమే అనిపిస్తుంది.

టామ్‌కిన్స్ 1987లో 11 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొన్న కంపెనీని 2001 మేలో సేఫ్-టీ-హామర్ అనే అరిజోనా కంపెనీకి 1.5 కోట్ల డాలర్లకి అమ్మేసింది, అప్పులు కూడా వాళ్ళకే వదిలేసి. కొన్నవాళ్ళు చేసేది తుపాకీ తాళాలే! ఆ లోపలి తాళం రివాల్వర్లలోకి వచ్చింది కానీ మిగతా ఒప్పందాన్ని బుష్ ప్రభుత్వం పట్టించుకోలేదు, అలా వదిలేశారు.

ఆ తాళం ఎలా ఉంటుందో ఆ పెద్దాయన వాళ్ళింట్లో చూపించాడు. అప్పట్లో నేను వర్క్ వీసా మీద ఉన్నా, చేత్తో పట్టుకోలేదు, చూశానంతే. (ఇక్కడ ఉన్న మన స్టూడెంట్స్‌కి ఒక మాట: ఎఫ్1, హెచ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవటం, సరదాగా రేంజ్‌కి వెళ్ళి పేల్చటం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కావచ్చు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఫ్రెండ్ రమ్మన్నాడని పోకండి, ముందు లాయర్‌ని అడగండి.) రివాల్వర్ ఎడమ వైపు, సిలిండర్ తెరిచే బటన్‌కి కాస్త పైన, బాల్‌పెన్ మొన పట్టేంత చిన్న రంధ్రం. దాంట్లో బుల్లి తాళంచెవి పెట్టి తిప్పితే హామర్ (గుండుని కొట్టి పేల్చే ముక్క) పక్క నుంచి చిన్న రేకు పైకి లేస్తుంది, దాని మీద లాక్ అయినట్టు రాసి ఉంటుంది. ఇక హామర్ కదలదు. మెకానిజంగా చూస్తే సింపుల్, తప్పు పట్టటానికి పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ రంధ్రానికి హిల్లరీ క్లింటన్ పేరు తగిలించి తిట్టుకుంటారు, రంధ్రం లేని పాత రివాల్వర్లకి సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ ధర పెడతారు. ఈ మధ్య కంపెనీయే తాళం లేని మోడల్స్ మళ్ళీ తేవటం మొదలుపెట్టింది, అవి బాగా పోతున్నాయి కూడా.

2000 తర్వాత పరిశ్రమ మొత్తం ఒక పాఠం నేర్చుకుంది. ప్రభుత్వంతో విడిగా రాజీ పడినవాడు బతకడు. అందుకే అందరూ కలిసి చట్టం కోసం ప్రయత్నించారు, 2005లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, చట్టప్రకారం అమ్మిన తుపాకీతో ఇంకెవడో నేరం చేస్తే కంపెనీ మీద కేసు వెయ్యటం చాలా మటుకు కుదరదు అని. అంటే నగరాలు కేసులేసి కంపెనీని బల్ల దగ్గరికి రప్పించే దారి మూసుకుపోయింది. 2021లో మెక్సికో ప్రభుత్వం బోస్టన్‌లో ఈ కంపెనీ మీదా ఇంకొందరి మీదా కేసేస్తే 2025 జూన్‌లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఈ చట్టం కిందే అది కొట్టేసింది.

కంపెనీ కూడా పూర్తిగా అటు తిరిగిపోయింది. 2005లో ఎం అండ్ పీ పేరు మళ్ళీ బయటికి తీసి ప్లాస్టిక్ పిస్టల్, మరుసటి ఏడాది అదే పేరుతో ఏఆర్-15 తరహా రైఫిల్. మిలిటరీ అండ్ పోలీస్ అనే పాత పోలీసు పేరు మీద సంపాదించిన నమ్మకాన్ని మామూలు జనానికి అమ్మే రైఫిల్ మీద అతికించారు, ఇది నాకు అస్సలు నచ్చని విషయం. అరోరా థియేటర్, పార్క్‌లాండ్ స్కూల్, హైలాండ్ పార్క్ పెరేడ్, ఈ మూడు చోట్లా జనం మీద జరిగిన కాల్పుల్లో వాడింది ఆ రైఫిలే. వ్యాపారం మాత్రం పెరిగింది, 2021 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయి. అదే ఏడాది మసాచుసెట్స్‌లో ఇలాంటి రైఫిళ్ళ తయారీనే ఆపెయ్యాలని బిల్లు వస్తే హెడ్ ఆఫీస్ టెన్నెసీలోని మేరీవిల్‌కి మారుస్తున్నాం అని ప్రకటించారు, 2023లో మారిపోయింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రివాల్వర్లు, ఫోర్జింగ్, కొంత మెషీనింగ్ మిగిలాయి. మా దగ్గరికి కొందరు మెషీనిస్టులు ఉద్యోగం కోసం వచ్చింది అప్పుడే, టెన్నెసీకి కుటుంబాన్ని మార్చలేక.

ఇక వేలిముద్ర లాక్ సంగతి. టెక్నాలజీ లేక కాదు. 2002లో న్యూజెర్సీ ఒక చట్టం చేసింది, ఇలాంటి స్మార్ట్ గన్ దేశంలో ఎక్కడైనా అమ్మకానికి వస్తే మూడేళ్ళ తర్వాత మా రాష్ట్రంలో అమ్మే హ్యాండ్‌గన్‌లన్నీ అలాంటివే ఉండాలి అని. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం అడ్డం తిరిగింది, మొదటిది ఎవరు అమ్మినా ఆ చట్టం మొదలైపోతుంది కాబట్టి ఎవర్నీ అమ్మనివ్వకూడదని తుపాకీ హక్కుల వాళ్ళు పట్టుబట్టారు. 2014లో మేరీల్యాండ్‌లో ఒక షాపు ఓనర్ జర్మన్ స్మార్ట్ పిస్టల్ అమ్ముతాను అంటే ఆయనకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఒక్క రోజులో వెనక్కి తగ్గాడు. 2019లో న్యూజెర్సీ ఆ చట్టం మార్చుకుంది. ఇప్పుడు కొలరాడోలో ఒక స్టార్టప్ వేలిముద్రతో, ముఖం గుర్తుపట్టి పనిచేసే పిస్టల్ అమ్ముతోంది. పెద్ద కంపెనీల షెల్ఫ్ మీద మాత్రం అలాంటిది లేదు, సమీప భవిష్యత్తులో వస్తుందని కూడా నేను అనుకోవటం లేదు. ఇక్కడ పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో రాత్రి డ్యూటీలు చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న మన తెలుగు పిల్లల వార్తలు చూసినప్పుడల్లా దొంగిలించిన తుపాకీ దొంగ చేతిలో పేలకుండా ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. అలాంటిది చెయ్యటానికి ఆదాయంలో 2 శాతం పెడతాం అని రాసిచ్చిన పెద్ద కంపెనీ ఇప్పటిదాకా ఇదొక్కటే, దానికి ఏమైందో మిగతా అందరూ చూశారు.